తీసేసినా పోని రాత

ఆ రోజుల్లో సిద్దిపేటలో జై తెలంగాణ అని రాయని చోటు వెతికినా దొరికేది కాదు. గోడల మీద, ఆటోల వెనక, చివరికి చాయ్ హోటల్ గల్లాపెట్టె మీద కూడా అదే. మరి కంప్యూటర్ ఏం పాపం చేసిందని నాకు అనిపించింది. ఉద్యమం గెలవడానికీ నా మాట నెగ్గడానికీ తేడా తెలియని వయసు నాది.

పాత బస్టాండు దగ్గర చాచా టైపింగ్ సెంటర్లో పని చేసేవాణ్ణి. (సొంత బాబాయి కాదు, ఊరందరికీ చాచానే.) "దొంగ సాఫ్ట్‌వేర్ నా దుకాణంల వద్దు బేటా" అని ఆయన అన్ని మిషన్లకూ ఉచితంగా దొరికే లినక్స్ వేయించాడు. నేను టైపింగ్ ప్రోగ్రాముకు ఒక ప్లగిన్, అంటే చిన్న అతుకు ప్రోగ్రాం, రాశాను. ఏ కాగితం తెరిచినా అడుగున చిన్న అక్షరాల్లో జై తెలంగాణ అని దానంతటదే వస్తుంది. దాన్ని ప్యాకేజీగా కూడా కట్టాను. ఒక్క కమాండుతో ఎక్కాలి, ఒక్క కమాండుతో దిగాలి. చింతమడక నుంచి దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి అది చూసి, "గిది మంచిగున్నది. దీనికి వేరే పైసలా?" అన్నాడు. ఊరికే అని చెబితే ఇంకో కాపీ తీయించుకున్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇంతలో చాచా కూతురికి, నేను అక్కలా చూసుకుంటూ ఆపా అని పిలిచే ఆవిడకి, కర్నూలు సంబంధం కుదిరింది. అక్కడ సమైక్యాంధ్ర ఊరేగింపులు, ఇక్కడ మా బంద్‌లు. ఇరువైపుల చుట్టాలూ ఇప్పుడీ పెళ్లి అవసరమా అని గొణుగుతూనే ఉన్నారు. చాచా నన్ను పక్కకు పిలిచాడు. "బేటా, రోడ్డు మీద వంటావార్పుకు నేను గూడ బియ్యం ఇచ్చిన. కానీ కర్నూలుకు పోయే కార్డు మీద గది రావద్దు. వియ్యంకునికి కోపమొస్తే నా బిడ్డ పెండ్లి ఆగుతది. మొత్తం తీసెయ్."

ఒక్క కమాండు కొట్టాను. పరీక్షకని కొత్త పేరుతో లాగిన్ తెరిచి చూశాను, అడుగున ఏమీ లేదు. "సాఫ్, చాచా" అన్నాను దర్జాగా. ఆపా తన లాగిన్లో కూర్చుని కార్డు తానే టైపు చేసుకుంది. గులాబీ రంగు కాగితం మీద ముద్రించి కర్నూలుకు పోస్టు చేశాం.

మిగిలిన కార్డొకటి తీసుకుని దాని మీద మిర్చి బజ్జీ పెట్టుకున్నాను. తింటూ కిందికి చూస్తే, పూల డిజైను కింద, జై తెలంగాణ. బజ్జీ వదిలేసి ఆపా లాగిన్ తెరిచి వెతికాను. ప్యాకేజీ తాను తెచ్చిన ఫైళ్లనే వెనక్కి తీసుకుపోతుందని అప్పుడు తెలిసింది. నా ప్లగిన్ ఎప్పుడో పాత లాగిన్లున్న ఒక్కొక్కరి సొంత ఫోల్డరులోకి వెళ్లి, కొత్త కాగితాలకు ఆధారమైన నమూనాలోనే ఆ మాట రాసిపెట్టింది. చుట్టం వెళ్లిపోయినా గోడకు కొట్టిన మేకు ఉండిపోయినట్టు.

కార్డు తీసుకెళ్లి చాచాకు చూపించాను. "నువ్వు సాఫ్ అన్నవ్ గద బేటా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. ఆపా దుకాణానికి రావడం మానేసింది. ఆ పెళ్లి ఆగిపోతే నేను ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో తిరగాలో తెలియలేదు.

చివరికి కర్నూలు నుంచి కవరు వచ్చింది. అందులో మగపెళ్లివారి విందు కార్డు ఉంది. చాచా అడుగు దాకా చదివి నా చేతికిచ్చాడు. సరిగ్గా అదే చోట, అవే చిన్న అక్షరాల్లో, జై సమైక్యాంధ్ర. దాని కింద వియ్యంకుడు పెన్నుతో రాశాడు: "మీరు మీది పెట్టినారు, మేం మాది పెట్టినాం. సరిపాయ. ఇంక పెండ్లి పని చూద్దాం." చాచా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మొన్న కర్నూలు వెళ్తే ఆపా ఇంట్లో ఆ రెండు కార్డులూ ఒకే ఫ్రేములో కనిపించాయి. "నువ్వు అప్పుడు మంచిగ తీసుంటే మా మామ, మా అబ్బా గింత దోస్తులయ్యేటోళ్లా? గా కార్డుల మీదనే రోజూ ఫోన్ల నవ్వుకుంట కొట్లాడుకునేటోళ్లు" అంది.

ఇప్పుడు నా ఉద్యోగమే ప్యాకేజీలు పరీక్షించడం. తీసేశాక ఏదైనా మిగిలిందా అని కొత్తగా చేరిన పిల్లలు కట్టినవి వెతికి మరీ మందలిస్తాను. ఇంట్లో నా పాత మిషన్ ఒకటుంది, ఎప్పుడైనా కొత్త కాగితం తెరిస్తే ఆ రాత అడుగున వచ్చి కూర్చుంటుంది. అది ఏ ఫోల్డరులో ఉందో తెలుసు, ఎలా తీయాలో కూడా తెలుసు. తీయబుద్ధి కాదు.