రాగులంటే తైదలే

గిర్నీలో తైదలు పట్టిస్తుంటే, వేడి పిండి వాసనకు రజియా ఆపా గుర్తొచ్చింది. మంచిర్యాలలో మేము చూపించుకున్న పిల్లల ఆస్పత్రిలో ఆమె పాలు, గుడ్లు పంచేది. పదేళ్లప్పుడు నాకు మూత్రపిండాల జబ్బు. ముఖం ఉబ్బేది, తగ్గేది, మళ్లీ ఉబ్బేది. ఏడాదికి పైగా మింగిన మాత్రలు వాపును తగ్గించాయి గానీ ఎముకలను గుల్ల చేశాయి. గచ్చు మీద జారితేనే మణికట్టు విరిగింది. రాత్రిళ్లు పిక్కలు కొంకర్లు పోయేవి. ఈసారి పడితే మంచం పట్టొచ్చని మా అవ్వను, అంటే అమ్మను, హెచ్చరించి, డాక్టరు క్యాల్షియం బిళ్లలు రాసి, తిండి సంగతి చెప్పే మేడం దగ్గరికి పంపాడు.

ఆమె మా వైపు మనిషి కాదు. "పాపకు రోజూ రాగి ఇవ్వండమ్మా" అంది. మా ఊరు మందమర్రి రాగానే అవ్వ రాగి చెంబు కొన్నది. రెండు నెలలు అందులోని నీళ్లే తాగించింది. నా పిక్కలు మాత్రం కొంకర్లు పోతూనే ఉన్నాయి. మళ్లీ వెళ్లినప్పుడు మేడం, "రాగి ఇస్తున్నారా?" అని అడిగింది.

"ఇస్తున్న మేడం. చింతపండుతోని తోమి తోమి చెంబు మెరుస్తున్నది" అంది అవ్వ గర్వంగా.

మేడం పగలబడి నవ్వింది. పక్క గదిలోంచి ఇద్దరిని పిలిచి మరీ చెప్పింది. వాళ్లూ నవ్వారు. ఏం చేయాలో తెలియక అవ్వ కూడా నవ్వింది. నాకు అదే ఎక్కువ మండింది.

వరండాలో ఆ నవ్వులన్నీ విన్న ఆపా పాల బకెట్ దించి, "ఎందుకమ్మా పరేషాన్? రాగులంటే తైదలే" అంది.

"అయ్యో, తైదలా! మా ఇంట్ల బస్త నిండ ఉన్నయి గదా!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

"అండ్ల క్యాల్షియం ఒక్కటే గాదు, మెగ్నీషియం గూడ ఉంటది. రెండూ ఉంటెనే బొక్కలు గట్టివడుతయి. కని కిడ్నీల పోరి, ఎంత పెట్టాల్నో డాక్టర్‌ను అడుగు."

"గా మేడం మీద పెద్ద డాక్టర్‌కు చెప్త" అన్నాను ఏడుస్తూ.

"ఏమని? నవ్విందనా? రేపు ఇంకో తల్లి చెంబు కొంటది బేటీ. పోయి కాగితం మీద తైదలని రాయమను. రాసేదాక జరగకు."

మేడం గుమ్మంలో కూర్చున్నాను. ఆమె విసుక్కుంది, లేవమంది, చివరికి 'రాగి' కొట్టేసి 'తైదాలు' అని రాసింది. దీర్ఘం తప్పని మళ్లీ రాయించాను. దూరం నుంచి ఆపా, "శాబాష్, మొండిఘటం!" అంది.

రెండేళ్లకు నా ఎముకలు గట్టిపడ్డాయని డాక్టరు చెప్పాడు. చెబుదామని పరుగెత్తితే ఆపా లేదు. పని మాని మెట్‌పల్లిలో కూతురి దగ్గరికి పోయిందట. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. పెద్దయ్యాక వెళ్లి గల్లీలన్నీ తిరిగాను. ఉత్త పేరు పట్టుకొని వెతికితే ఎవరు దొరుకుతారు?

ఇప్పుడు మా వాళ్లలో ఎవరిని ఆస్పత్రికి తీసుకెళ్లినా, కాగితంలో ఉన్నది మా మాటలో చెప్పేదాకా కుర్చీ వదలను. గయ్యాళి అంటారు, అననీ. నవ్విన ఆ ముగ్గురినీ నేను క్షమించలేదు. చెప్పకుండా పోయినందుకు ఆపా మీద కోపం ఇంకా ఎక్కువ. మెట్‌పల్లి బస్సు ఆగితే, ఎక్కేది లేకున్నా, కిటికీలన్నీ ఒక్కొక్కటే చూసి గానీ కదలను.