ఎప్పుడో తెలుసు, ఎందుకో తెలియదు

మా పాపకు అయిదో ఏడు నడుస్తుండగా ఆయాసం మొదలైంది. తెల్లవారుజామున ఛాతీలోంచి పిల్లికూన మూలిగినట్టు సన్నటి చప్పుడు వచ్చేది. నేను లేచి, మందును ఆవిరి చేసే నెబులైజర్‌ను ముఖానికి పెట్టి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కిటికీ దగ్గర ఉండేదాన్ని. నల్లగండ్లలో మా ఫ్లాటు ఏడో అంతస్తు. ఆ వేళకు దూరంగా అద్దాల భవనాలు, సగం కట్టిన టవర్లు, వాటి మీది క్రేన్లు మంచులో కరిగిపోతూ, ఎవరి కలలోంచో జారిపడినట్టు కనిపించేవి. పాప తెల్లటి ఆవిరిలోంచి నా వైపు చూసి, "అమ్మా, నేను మబ్బు తింటున్నా" అనేది.

మా ఆయన అప్పుడు పుణేలో ప్రాజెక్టు మీద ఉన్నారు. ఇంట్లో నేనూ పాపా ఇద్దరమే.

డాక్టరుగారు నెమ్మదైన మనిషి. వెళ్లిన ప్రతిసారీ ఒక కారణం చెప్పేవారు. "చలిగాలి తగిలిందమ్మా" అన్నారొకసారి. "మీ వెనకాల బండలు పగలగొడుతున్నారు కదా, ఆ దుమ్మండి" అన్నారు ఇంకోసారి. ఏదీ కాదనడానికి లేదు. కానీ చలిగాలి వీచినా పాప హాయిగా నిద్రపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆయన దగ్గరికి మేం వెళ్లింది ఆయాసం వచ్చిన రోజుల్లోనే. రాని రోజుల సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

నా ఉద్యోగం జరగబోయేది ముందే చెప్పడం. అంటే జోస్యం కాదు. ఒక కంపెనీ సేవలను ఏ ఖాతాదారు త్వరలో మానేస్తాడో పాత వివరాల నుంచి పసిగట్టే మోడల్ తయారుచేయడం. ఒకసారి మీటింగులో నేను, "వీళ్లు ఎందుకు మానేస్తున్నారో కూడా చూద్దామా?" అని అడిగితే మా టీమ్ లీడ్ నవ్వారు.

"ఎందుకు అనేది కథండీ. ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెప్పుకోవచ్చు. ఎప్పుడు అనేది చెప్పండి, తప్పో ఒప్పో తేలిపోతుంది."

ఆ మాట నాకు నచ్చింది. ఇంటికొచ్చి పాప ఆయాసానికి కూడా ఒక పట్టిక మొదలుపెట్టాను. ఆయాసం వచ్చిన రోజులు, రాని రోజులు, గాలిలో తేమ, దుమ్ము, తిన్న తిండి, దోమల మందు, ఏది దొరికితే అది ఎక్కించాను. నా ఆఫీసు క్యాలెండర్ కూడా అందులో పడింది. అది కావాలని చేసింది కాదు, ఫోనులోంచి తేదీలు తీస్తుంటే దాంతోపాటే వచ్చేసింది.

కొన్ని నెలలకు మోడల్ పలికింది. చలీ దుమ్మూ దానికి పెద్దగా పట్టలేదు. అది పట్టుకున్నది నా క్యాలెండర్‌నే. మా ఆఫీసులో నెలకు ఒకటి రెండుసార్లు కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల ఉంటుంది. దాని ముందురోజు నేను ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. మర్నాడు పొద్దున పాపకు ఆయాసం. నమ్మలేక, వచ్చే విడుదల దాకా ఆగి చూశాను. మోడల్ శుక్రవారం అంది. శుక్రవారం పొద్దున్నే ఆ పిల్లికూన మూలుగు వినిపించింది.

ఒక్క క్షణం సంతోషం కలిగింది. నా లెక్క నిజమైంది! ఆ వెంటనే పాప పక్కటెముకలు ఎగిసిపడటం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత రెండు విడుదలలకూ అంతే. మందు సిద్ధంగా పెట్టుకుని, సెలవు ముందే అడిగి, వచ్చేదాని కోసం కూర్చునేదాన్ని. వస్తుందని తెలుసు. ఆపడం మాత్రం తెలియదు.

అప్పుడు నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. అమ్మ ఇంట్లో లేదు కాబట్టి బిడ్డకు బెంగ, బెంగ వల్ల ఆయాసం. ఎవరికి చెప్పినా ఔనంటారు. నాకైతే అది గుండెలో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతి విడుదల ముందురోజు లీడ్‌ను బతిమాలి నాలుగింటికే బయల్దేరాను.

నేను ఆలస్యమైన రోజుల్లో పాపను చూసుకునేది కింది ఫ్లాటులోని అవ్వ. మా అపార్ట్‌మెంట్ నిలబడ్డ నేల ఒకప్పుడు వాళ్లదే. భూమి ఇచ్చినందుకు బిల్డరు వాళ్ల కుటుంబానికి ఫ్లాట్లు ఇచ్చాడు. మొదట్లో నేను "మామ్మగారూ" అంటే, "గారు ఎందుకు బిడ్డా, అవ్వ అను, సాలు" అంది.

ఆ సాయంత్రం వెళ్లేసరికి అవ్వ వరండాలో కూర్చుని ఉంది. వెనక మిగిలిన నాలుగు బండల మీద ఎండ తేనె రంగులో జారుతోంది. పాప తలదాకా నల్లటి గొంగడి కప్పుకుని ఆమె ఒళ్లో పడుకుంది. అవ్వ తన గొర్రెల గురించి చెబుతోంది. ఇదిగో ఈ కార్లు పెట్టే చోట మంద ఎట్లా పడుకునేదో, ఏ గొర్రె ఏ బండ ఎక్కేదో. నేనూ పక్కన ఒరిగాను. గొంగడి అంచు నా మీదికీ లాగింది. ఉన్ని వాసన, గరుకుదనం, ఆ గొంతు. కళ్లు మూతపడ్డాయి. మెట్ల మీదుగా గొర్రెలు దిగి వస్తున్నట్టు, లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపలంతా ఉన్నే ఉన్నట్టు ఏదో కల.

మర్నాడు పొద్దున పాపకు ఆయాసం వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, అయినా వచ్చింది.

ఆవిరి యంత్రం గుర్రుమంటుంటే, నేను నమ్మిన కారణం అక్కడే కూలిపోయింది. నేను లేకపోవడం కాదు. మరి నేను లేని రోజుల్లో ఇంకేం ఉంది? అవ్వ ఉంది, కథ ఉంది, తలదాకా కప్పే ఆ గొంగడి ఉంది. నా కళ్లు కూడా మండుతున్నాయని అప్పుడే గమనించాను.

డాక్టరుగారిని అడిగితే పాత ఉన్నిలో చేరే దుమ్ము కొందరు పిల్లలకు పడదన్నారు. ఇక అవ్వకు చెప్పాలి. గుమ్మం దగ్గర నిలబడి నసుగుతూ చెప్పాను.

అవ్వ ముఖం చిన్నబోయింది. "ఏంది బిడ్డా? మా గొర్ల ఉన్నితోని నేసింది గది. నా గొంగడి పోరికి కీడు జేస్తదా?"

"తెలీదు అవ్వా. కొన్నాళ్లు కప్పకుండా చూద్దాం."

అవ్వ గొంగడి మడిచి లోపల పెట్టేసింది. వారం పైగా కిందికి వెళ్లినా ముభావంగానే ఉంది. తర్వాతి విడుదల ముందురోజు మాత్రం పాపను ఒళ్లోకి తీసుకుని, తన నూలు చీర కొంగు కప్పి కథ చెప్పింది. మర్నాడు పొద్దున నా మోడల్ ఆయాసం వస్తుందంది. రాలేదు. ఆ పైసారీ రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా లెక్క తప్పినందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నది అప్పుడే. రుజువు కావాలంటే మళ్లీ ఒకసారి గొంగడి కప్పి చూడాలి. ఆ పని ఏ తల్లి చేస్తుంది?

ఒక ఆదివారం అవ్వ మెట్లెక్కి మా ఇంటికొచ్చింది. సోఫాలో కూర్చోకుండా నేల మీద చతికిలబడింది.

"మా ముసలాయన ఉన్ని కత్తిరిచ్చినప్పుడల్ల దగ్గుతుండె బిడ్డా. పానం పోయేటట్టు దగ్గుతుండె. అందరు బీడీ అన్నరు. నేను గూడ గదే అన్న."

నేనూ వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"బీడీ ఇడిసిపెట్టిండు. అయినా దగ్గు పోలే. నాకు తెల్వకుంట దొంగతనంగ తాగుతుండని ఇంక తిట్టిన. తాగలే అని ఒట్టు వెట్టిండు. నమ్మలే."

"ఏమో అవ్వా, ఇప్పుడు చెప్పలేం. బీడీ వల్ల కూడా అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు" అంది. "గని, ఇడిసినంక?" అని నా వైపు చూసింది.

ఎప్పుడో పోయిన మనిషి. ఆయన ఎప్పుడు దగ్గుతాడో ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అయినా ఎందుకు దగ్గాడో తెలియడం ఆమెకు ఎంత అవసరమో ఆ కళ్లలో కనిపించింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఉత్తగనే తిట్టిన" అంది మెల్లగా.

పాప వచ్చి ఆమె మోకాలి మీద చెయ్యేసి, "తాత ఎలా ఉండేవాడు?" అని అడిగింది. అంతకుముందు అవ్వ కథల్లో గొర్రెలే తప్ప తాత లేడు. ఆ రోజు మొదటిసారి చెప్పింది. ఎంత పొడుగో, ఎట్లా ఈల వేసేవాడో, ఆయన దగ్గితే మంద మొత్తం ఒక్కసారిగా తలలెత్తి ఎట్లా చూసేదో. పాప గొర్రెలా తలెత్తి చూపించింది. అవ్వ పకపకా నవ్వింది.