గోడమీద ఆమె నీడ

జగ్గయ్యపేటలో పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసే నా స్నేహితురాలు, తను తీయబోయే చిన్న థ్రిల్లర్ సినిమాలో నన్ను వేషం వెయ్యమంది. నేను నందిగామలో టీచర్ని. నటన నాకెక్కడ వస్తుంది! అయినా ఇంటర్ నుంచీ ఆమె అడిగినదేదీ కాదనలేదు.

కథ చిన్నదే. మూతబడ్డ మిల్లులో తండ్రి ఎలా చనిపోయాడో తెలుసుకోవాలని ఒకామె, తోడుగా ఆమె స్నేహితురాలు అక్కడికి వస్తారు. ఆ స్నేహితురాలు ఏదో దాస్తోందని ఆమెకు అనుమానం మొదలవుతుంది. దాచే మనిషి వేషం నాది. వింటుంటేనే పాత సంగతొకటి గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట ఈ నా స్నేహితురాలి నాన్నగారు విజయవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె ఖమ్మంలో పెళ్లి షూటింగులో ఉంది. ఇక ఆశ లేదని డాక్టర్లు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "పని మధ్యలో కంగారుపెట్టకమ్మా, రేపు వచ్చేస్తుందిగా" అన్నారు వాళ్లమ్మగారు. ఫోనులో నేను "బానే ఉన్నారే" అన్నాను. ఆమె వచ్చేసరికి ఆయన లేరు. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ముక్త్యాల రోడ్డులో పాడుబడ్డ రైస్ మిల్లులో షూటింగ్. కిటికీలన్నిటికీ టార్పాలిన్లు కట్టి ఒక్కటి వదిలింది. దాని చెక్కల సందుల్లోంచి ఎండ చారలుగా నా మొహంలో సగం మీదే పడేలా కూర్చోబెట్టింది. కూతురి పాత్ర తనదే. కానీ తెరమీద మనిషి కనపడదు; గోడమీద నీడ, గొంతు, అంతే.

"దెయ్యం ఎప్పుడొస్తుందే?" అన్నాను.

"దెయ్యం లేదు. భయపెట్టడానికి ఈ పాడు కొంప చాలు. జనం చూసేది నీ మొహాన్నే. వెలుగులో ఉన్న సగం స్నేహితురాలు. చీకట్లో ఉన్న సగం ఎవరో వాళ్లే వెతుక్కుంటారు."

పెళ్లి మంటపాల్లో లైట్లు పట్టిన మనిషి ఇంత ఎక్కడ నేర్చిందా అనుకున్నాను.

కెమెరా ఆన్ చేసింది. నీడ పెద్దదై నా మీదికి వంగింది.

"నీకు ముందే తెలుసు కదా?"

నేను "నాకేం తెలీదు" అనాలి. నోరు రాలేదు.

"తెలుసు. మీ అమ్మగారు వద్దన్నారు. అయినా నేను చెప్పాల్సింది. చెప్పలేదు."

నీడ కదల్లేదు. బయట సిమెంటు లారీ ఒకటి వెళ్లిపోయింది. అప్పుడామె వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది.

"అమ్మ నాకెప్పుడో చెప్పిందే. నీ నోట వినాలనుకున్నా."

"అందుకే రాశావా ఈ కథ?"

"కోపంతోనే మొదలెట్టా. రాస్తా ఉంటే, ఆ మనిషి ఎందుకు దాచిందో నాకే అర్థమైంది."

నాకు ఏడుపాగలేదు. కాసేపటికి ఆమె కెమెరా వైపు చూసి, "ఇది ఉంచనా, తీసెయ్యనా? నీ ఇష్టం" అంది.

ఉంచమన్నాను.

సినిమా పూర్తయ్యాక మా స్కూల్ స్టాఫ్‌రూమ్ గోడమీద వేసుకుని చూశాం. "మొదట్నుంచీ మీరంటే భయమేసిందండి, చివర్లో మాత్రం జాలేసింది" అన్నారు లెక్కల మాస్టారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమెను చూపించి, అదంతా ఆవిడ చేతి పనేనండి అన్నాను.