లోపల ఎవరూ లేరు

తాతయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ తలుపునూ ఊరికే మూయలేడు. మూసే ముందు తల లోపలికి దూర్చి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేక వేస్తాడు. పది అంకెలు లెక్కపెడతాడు. మళ్ళీ కేక. మళ్ళీ పది. మూడో కేకకు కూడా జవాబు రాకపోతే తల బయటికి లాక్కుని, "ఎవరూ లేరు!" అని వీధి చివరిదాకా వినబడేలా చాటి, అప్పుడు మూస్తాడు. గదికైనా, బీరువాకైనా, ఫ్రిజ్‌కైనా ఒకటే మర్యాద.

"నాన్నా, ఫ్రిజ్‌లో ఎవరుంటారు?" అంటుంది అమ్మ, పాలగిన్నె వంక దిగులుగా చూస్తూ.

"ఎవరూ ఉండరనే నేనూ అనుకుంటున్నానమ్మా. అడిగితే పోయేదేముంది?"

"చల్లదనం పోతోంది!"

ఇంతా అరిచి, తీరా చూస్తే ఆయనకు చూపు ఆనదని ఇంట్లో అందరి నమ్మకం. పెద్దమావయ్య చిన్నప్పుడు పరీక్ష తప్పి ఎక్కడో నక్కితే, ఇల్లంతా నాలుగు గంటలు వెతికారు. కొట్టుగదిలోకి అందరికంటే ముందు తల పెట్టింది తాతయ్యే. మూడు కేకలు వేసి, "ఎవరూ లేరు!" అని తలుపు మూసి వచ్చేశాడు. సాయంత్రం అమ్మమ్మ వెళ్ళి చూస్తే, కొడుకు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా బస్తా మీద కూర్చుని ఉన్నాడు.

"అవి కళ్ళా, చొక్కా బొత్తాలా?" అని అమ్మమ్మ అప్పుడు అడిగిన ప్రశ్నను ఇప్పటికీ వారానికోసారి అడుగుతూనే ఉంది. తాతయ్య ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

ఈ జబ్బు వృత్తి అంటించింది. తాతయ్య నలభై ఏళ్ళుగా గ్యాస్ ప్యానెళ్ళు బిగిస్తున్నాడు. కాగితాలూ కంప్యూటర్లూ ఉండే గదిలో నిప్పు పుడితే నీళ్ళు కొట్టడానికి లేదు. మంట వదిలేసినవి నీళ్ళు పాడుచేస్తాయి. అందుకని పెద్ద సిలిండర్లలో గ్యాస్ నింపి ఉంచుతారు. గది తలుపు పక్కన గోడకు ఒక ఎర్రపెట్టె ఉంటుంది. అదే ప్యానెల్. గది కప్పుకు పొగను పసిగట్టే బిళ్ళలు రెండు వరసల్లో ఉంటాయి. ఒక వరస పొగ చూస్తే గంట మోగుతుంది. రెండో వరస కూడా అవునంటే సైరన్ మొదలై, ప్యానెల్ ముప్పై అంకెలు లెక్కపెట్టి సిలిండర్ నోరు తెరుస్తుంది. ఆ గ్యాస్ మంటకు ఊపిరి ఆడనివ్వదు. లోపలున్న మనిషికీ అంతే. ఎవరు బయటపడినా ఆ ముప్పై అంకెల్లోనే బయటపడాలి.

"ప్యానెల్‌కు తొందరెక్కువ. ముప్పైతో సరిపెట్టుకుంటుంది. నాకేం తొందర?" అంటాడు తాతయ్య.

తొందరంతా నాన్నది. దుకాణం పెట్టింది తాతయ్యే అయినా, పెత్తనం అల్లుడి చేతికి వచ్చి పదిహేనేళ్ళయింది. నాన్నకు ఓపిక పుట్టుకతోనే తక్కువ. ఉన్న ఆ కాస్తనూ మామగారే వాడేసుకున్నారు. పని పూర్తయ్యాక పరీక్షించేటప్పుడు, గ్యాస్ వృథా కాకుండా సిలిండర్ వైరు విప్పేసి దాని బదులు చిన్న బల్బు తగిలిస్తారు. బల్బు వెలిగితే గ్యాస్ వచ్చినట్టే. తాతయ్య ఆ బల్బుకు కూడా మూడు కేకలు వేసేవాడు.

"బల్బు వెలిగితే ఎవరు పోతారు మావయ్యా?" అని నాన్న పళ్ళు నూరేవాడు.

"ఎవరూ పోరు అల్లుడుగారూ. అందుకే నిదానంగా అడుగుతున్నాను."

ఒకసారి ఒక బ్యాంకులో ఇలాగే అడుగుతుంటే, విసుగెత్తిన గుమాస్తా ఒకడు వెనకనుంచి గొంతు మార్చి, "ఉన్నానండీ!" అన్నాడు. తాతయ్య లోపలికి వెళ్ళి నలభై నిమిషాలు వెతికాడు. పెట్టెలు జరిపాడు. బల్ల కిందకు పాకాడు. బయట మేనేజరు గడియారం చూసుకుంటుంటే నాన్నకు బల్ల కిందకు పాకాలనిపించింది.

అలాంటి రోజుల్లో నాన్నకు ఒక పెద్ద పని దొరికింది. ఒక పెద్ద కార్యాలయంలో ఏడు రికార్డుల గదులు. ముందు ఒక గదికి ప్యానెల్ బిగించి చూపించాలి. అది పరీక్షలో నెగ్గితే మిగతా ఆరూ నాన్నవే. నెగ్గకపోతే ఇంకొకరివి. దుకాణంలో ఉన్న ఇద్దరు పనివాళ్ళకు ఏడాదిపాటు పని ఉంటుందా, ఉండదా అన్నది ఆ ఒక్క గది మీద పడింది.

"ఈ గది తప్పితే మీరు ఇంక పనిముట్లు కింద పెట్టాల్సిందే మావయ్యా," అన్నాడు నాన్న.

"అలాగే అల్లుడుగారూ."

"కేకలు తగ్గించాలి."

"దానిదేముంది, రెండుసార్లే అడుగుతాను," అన్నాడు తాతయ్య. అని, వెళ్ళి కారు తలుపు దగ్గర మూడుసార్లు అడిగాడు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. నాలుగు రోజులు నిచ్చెన దిగలేదు. ఎర్ర కేబుల్‌ను గోడ వెంట గీత గీసినట్టు లాగాడు. ప్రతి జానకూ ఒక క్లిప్పు. ప్రతి వైరు మెడలో చిన్న చీటీ, దాని మీద ముత్యాల్లాంటి అంకెలు. ఒక్కో వరస చివరి బిళ్ళలో చిన్న రెసిస్టర్. మధ్యలో ఎక్కడ వైరు తెగినా ఊడినా ప్యానెల్‌కు తెలిసేది ఆ చివరి రెసిస్టర్ వల్లే. అప్పుడు పచ్చదీపం ఆరి పసుపుదీపం వెలుగుతుంది. పరీక్ష రోజు పొద్దున్న నాన్న స్వయంగా పెట్టె తెరిచి ఒక్కో వైరునూ పట్టుకుని గట్టిగా లాగాడు. ఒక్కటీ కదల్లేదు. పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది. నాన్న ఆ నెలలో మొదటిసారి నవ్వాడు.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెంట ఆఫీసు మేనేజరు. ఇద్దరూ తొందర మనుషులే. నాన్నకు ప్రాణం లేచొచ్చింది.

"గది ఖాళీయేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అడగకూడనివాణ్ణి అడిగాడు. తాతయ్య తలుపు తెరిచి లోపలికి వెళ్ళాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?" మొదటి కేక. రెండోది. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. మూడో కేక ఎందుకో గుసగుసలా వినబడింది. తాతయ్య బయటికి వచ్చి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడి, "ఎవరూ లేరు!" అన్నాడు. కారిడార్ అదిరింది.

"మంచిది. తలుపు తియ్యండి, బిళ్ళలకు పొగ చూపిద్దాం."

"ఒక్క నిమిషమండీ," అని తాతయ్య పెట్టెలో చెయ్యి పెట్టాడు. పచ్చదీపం ఆరింది. పసుపుదీపం వెలిగింది. పెట్టె కీచుమంది.

"ఏమైంది?"

"వైరు ఊడిందండీ. నా తప్పే. సరిగ్గా బిగించలేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"గంట. ఇంకో మాట, అందాకా ఇక్కడ ఎవరూ ఉండకూడదు."

"ఎందుకూ?"

"నలుగురు చూస్తుంటే నాకు చేతులాడవండీ. సిగ్గు."

డెబ్భై ఏళ్ళ మనిషి సిగ్గుపడుతుంటే చూస్తూ నిలబడడానికి ఇన్‌స్పెక్టరుకు తీరిక లేదు. "ఈ పెట్టెలో వైరు దానంతటది ఊడిందంటే ఇంకేం చూడాలి?" అని కాగితం మీద ఒక గీత గీసి, మేనేజరు గదిలో టీ తాగి వెళ్ళిపోయాడు. గది తప్పింది. ఆరు గదులూ పోయాయి.

నాన్న కోపం మామగారి వయసు చూడలేదు. "పొద్దున్న ప్రతి వైరూ నేనే లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు. మీ చెయ్యి తగిలే ఊడింది. చేతులు వణుకుతున్నాయి మీకు! ఒప్పుకోవచ్చుగా?"

"వణుకుతున్నాయి అల్లుడుగారూ," అని తాతయ్య ఒప్పేసుకున్నాడు. పనిముట్ల సంచీ భుజం మీంచి తీసి నాన్నకు ఇచ్చాడు.

ఆ తరవాత రెండు నెలలు తాతయ్య దుకాణంలో బల్ల ముందు కూర్చుని మరలు ఏరాడు. చిన్నవి ఒక డబ్బాలో, పెద్దవి ఒక డబ్బాలో. సాయంత్రానికి ఎవరో ఒకరు రెండూ కలిపేసేవారు, మర్నాటికి ఆయనకు పని ఉండాలి కదా అని. ఇదే ఆ రోజుల్లో ఆయనకు జరిగిన గౌరవం. డబ్బా మూత పెట్టే ముందు మాత్రం లోపల ఎవరైనా ఉన్నారేమో అడిగేవాడు. ఇదివరకు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఇంట్లో నాన్న ఆయనతో మాట్లాడడు. అమ్మ నాన్నతో మాట్లాడదు. అమ్మమ్మ మాత్రం ఇద్దరి తరఫునా అందరితోనూ మాట్లాడేది. ఏ మాటా వినసొంపుగా ఉండేది కాదు.

చివరికి ఒక ఉదయం నాన్న పనివాళ్ళిద్దరినీ పిలిచి, ఇక పని లేదని చెప్పాడు. పదకొండేళ్ళు తనతో నిచ్చెనలెక్కిన మనుషులు. వాళ్ళు గొడవపడి ఉంటే బాగుండేది. "మీరేం చేస్తారన్నా," అని, సామాను సర్దుకోవడానికి వెళ్ళారు. నాన్న దుకాణం వెనక సిలిండర్ల గదిలోకి నడిచి, ఖాళీ సిలిండర్ల నడుమ నేలమీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఏడుపు వచ్చింది. పెద్ద మనిషి ఏడుపు, అలవాటు లేని ఏడుపు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముక్కులోంచి మొదలైంది.

బయట పనివాళ్ళ గొంతు వినబడింది. "వెళ్ళొస్తామని చెబుదామని పెద్దయ్యా. అన్న లోపలున్నాడా?"

"ఉండండి, చూస్తాను," అంది తాతయ్య గొంతు.

నాన్నకు లేచే ఓపిక లేదు. మొహం తుడుచుకోవడానికి రుమాలు కూడా లేదు. తలుపు తెరుచుకుంది. తెల్లతల లోపలికి వచ్చింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం లేదు. తాతయ్య నాన్న వైపే చూస్తున్నాడు. నాన్నా చూస్తున్నాడు. పది అంకెలు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఇంకో పది. నాన్న చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తడిశాయి. మూడో కేక కూడా అంతే నిదానంగా వచ్చింది. తరవాత తల వెనక్కి వెళ్ళింది.

"ఎవరూ లేరు!" అని తాతయ్య చాటాడు. "బయటికెళ్ళినట్టున్నాడు. వచ్చాక మీరు అడిగారని చెబుతాను."

తలుపు మూసుకుంది. కాసేపటికి నాన్న తెరిచి చూస్తే, గుమ్మం పక్కన గ్లాసులో టీ ఉంది. దాని మీద సాసరు బోర్లించి ఉంది.

మధ్యాహ్నం ఇంట్లో అన్నాలు తింటుండగా నాన్న రెండు నెలల తరవాత నోరు తెరిచాడు.

"మావయ్యా, ఆ రోజు రికార్డుల గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు అల్లుడుగారూ."

"ఇవాళ సిలిండర్ల గదిలో?"

"అక్కడా ఎవరూ లేరు."

"ఆ వైరు ఊడేది కాదు. మీరే పీకారు. గదిలో ఉన్న మనిషి బయటపడేదాకా అందరినీ అక్కడినుంచి పంపేశారు. అవునా, కాదా?"

తాతయ్య కొంచెం మజ్జిగ తాగాడు. "పొద్దున్నే ఉద్యోగం పోయిన కాగితం అందుకున్న మనిషి. చివరి అర వెనక కూర్చుని ఏడుస్తోంది. అంతమంది పొగ గొట్టం పట్టుకుని లోపలికి వస్తే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే ఎవరో ఉన్నట్టు అవదూ?"

నాన్న కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"నలభై ఏళ్ళు చూశాను," అన్నాడు తాతయ్య. "మంటల్లో ఇరుక్కున్నవాడు ఒక్కడూ కనబడలేదు. నిద్రపోయేవాళ్ళు కనబడ్డారు. దొంగతనంగా తినేవాళ్ళు కనబడ్డారు. ఏడ్చేవాళ్ళయితే లెక్కలేదు. తలుపున్న గది దొరికితే మనుషులు ఇంకేం చేస్తారు? ముప్పై అంకెలు ఇస్తే చాలామంది సర్దుకుంటారు. కొందరికి సరిపోదు. ఏం చేస్తాం, ఎవరూ లేరనాలి."

"దానికి ఆరు గదులు పోయాయి," అన్నాడు నాన్న. గొంతులో చేదు అలాగే ఉంది. "ఇద్దరి పనీ పోయింది."

"పోయింది," అన్నాడు తాతయ్య. "అది కూడా నాకు కనబడింది."

నాన్న లేచి చెయ్యి కడుక్కుని, పక్కగదిలోంచి సంచీ తెచ్చి తాతయ్య పక్కన పెట్టాడు. "రేపు ఆసుపత్రిలో ఒక చిన్న గది ఉంది. పనివాళ్ళు లేరు. మనమిద్దరమే చెయ్యాలి."

అప్పటిదాకా గరిటె పట్టుకుని నిలబడిపోయిన అమ్మమ్మ, "ఆగండాగండి," అంది. "అయితే నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ అమ్మ అన్న మాటకు కొట్టుగదిలో కూర్చుని ఏడుస్తుంటే, 'ఎవరూ లేరు' అని తలుపేసి పోయారే, అది కనబడకపోవడం కాదా?"

"కాదు."

"నలభై ఏళ్ళుగా గుడ్డి మొగుడు దొరికాడని ఊరంతా చెప్పుకున్నానే! మరి ఆ రోజు గుమ్మం దగ్గరున్న టీ?"

"నేనే పెట్టాను."

"మీరా?" అమ్మమ్మ గరిటె బల్ల మీద పడింది. "మీ అమ్మ పెట్టిందనుకుని ఆ పూటే ఆవిణ్ణి క్షమించేశాను! ఆ ఒక్క టీ మొహం చూసి పాతికేళ్ళు కాళ్ళు పట్టాను ఆవిడకు!"

తాతయ్య ఒక్క ఉదుటున లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

"అల్లుడుగారూ, ఆసుపత్రి పని రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే వెళదాం," అన్నాడు.

నలభై ఏళ్ళలో మొదటిసారి, వెళుతూ వెళుతూ వీధితలుపు లోపలికి తొంగిచూడకుండానే మూసేశాడు. లోపల ఎవరున్నారో ఆయనకు బాగా తెలుసు.