రెండో క్యారేజీ

మా అమ్మ అమలాపురంలో మధ్యాహ్నం భోజనం క్యారేజీలు పంపుతుంది. నేను ఇంట్లో కూర్చునే కంప్యూటరు ఉద్యోగం చేస్తాను కాబట్టి, ఎవరికి ఏం కావాలో ఫోన్లోనే పెట్టుకునేలా ఆవిడకో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. కూతురి చేతివంట అంటూ మా అమ్మ చూసింది అదొక్కటే.

మా దగ్గర తెప్పించుకునేవాళ్ళలో టైలరు షాపు దంపతులున్నారు. ఇద్దరికీ చెరో క్యారేజీ. ఆవిడ దాంట్లో వంకాయ ఉండకూడదు, పెరుగు దండిగా ఉండాలి. మధ్యలో ఆవిడ కువైట్‌లో ఒకరింట్లో వంటపనికి వెళ్ళిపోయిందట. మాకు తెలీదు. ఇంట్లో నాలుగేళ్ళ పాప, అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ ఒకటే గొడవ. ఆయనేమో ఒట్టి మొహమాటస్తుడు. మాకు ఫోన్ చెయ్యకుండా, ఫోన్లో ఆవిడ పేరు కింది గడిలో ఉన్నదంతా చెరిపేసి, ఖాళీగా సేవ్ చేసి ఊరుకున్నారు.

మర్నాడు మామూలుగానే రెండు క్యారేజీలూ వెళ్ళాయి.

ఎవరైనా ఏమీ పంపకపోతే పాతదే ఉంచమని ఆ ప్రోగ్రాంలో నేనొక లైను రాశాను. రోజూ నింపడానికి అందరికీ బద్ధకం కదా! తీరా చూస్తే, ఏమీ పంపకపోవడమూ, కావాలని ఖాళీ పంపడమూ ఆ లైనుకి ఒకటే. ఆయన పంపిన ఖాళీని పక్కన పడేసి, వంకాయ వద్దు, పెరుగు ఎక్కువ అని మళ్ళీ తెచ్చి పెట్టింది. ఇంత పెద్ద కంప్యూటరు భాషకి ఆ మాత్రం తేడా తెలియొద్దూ అని నాకు ఒళ్ళు మండింది.

అదైనా వెంటనే బయటపడిందా? మా వైపు ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఆయనా ఇవ్వలేదు. రెండో క్యారేజీ ఓ రోజు నిమ్మకాయలతో వచ్చింది, ఓ రోజు కరివేపాకుతో, ఓ రోజు పనసతొనలతో. మా అమ్మ మురిసిపోయి, పెరుగు ఇంకో గరిటె పెంచింది.

వారం ఓపిక పట్టి ఆయనే వచ్చారు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డారు.

"ఏమనుకోకండి అమ్మగారూ, ఆ రెండోది ఆపించండి. మా ఆవిడ కువైట్ వెళ్ళిందండి. క్యారేజీ చూసి వాళ్ళమ్మ వచ్చేసిందనుకుని పిల్ల ఇల్లంతా వెతుకుతోందండి."

మా అమ్మ నావైపు చూసింది. నేను తలొంచుకుని వెళ్ళి లైను మార్చాను. ఖాళీ అంటే ఇక ఖాళీయే.

మర్నాడు మనసాగక ఆయన క్యారేజీ నేనే పట్టుకెళ్ళాను. పాప పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ చూసింది.

"అమ్మదేదండీ?"

"ఇవాళ్టి నుంచి రాదమ్మా."

"అయితే అమ్మ అక్కడే తినేస్తుందాండీ?"

"ఆయ్," అన్నాను.

"అక్కడ అమ్మకెవరు వండి పెడతారండీ?"