మేం వేసిన మనిషి

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, మా ఇంట్లో తరచు వినిపించిన మాట ఒకటుంది: "మేం వేసిన మనిషి." మా ఊరి బడికి టీచరు లేకపోతే విద్యా కమిటీ ఒక అక్కను విద్యా వాలంటీరుగా నియమించింది. చర్చి పక్కన కూలీల వాడలో పుట్టి, పట్టుబట్టి చదువుకున్న మనిషి. కమిటీకి ఛైర్మన్ మా తాతయ్య. మా ఇంట్లో ఎవరూ ఆమెను టీచరు అనలేదు. నేనూ అనలేదు. నాకు చదవడం నేర్పింది మాత్రం ఆమే.

ఒక వేసవి మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. రంగు పోయి తెల్లబడిన తాలుకాయలను ఏరి, మిగతావి బస్తాలకెత్తాలి. కూలీలు చాలలేదు. బడి నుంచి అన్నానికి ఇంటికొచ్చిన నన్ను పిలిచి, "ఆ వాలంటీరును రమ్మను పోవే. మేం వేసిన మనిషేగా!" అన్నాడు తాతయ్య. నేను ఉత్సాహంగా పరిగెత్తాను.

ఆమె వచ్చింది. కల్లంలోకి దిగలేదు. సంచిలోంచి నియామక కాగితం తీసి నా చేతికిచ్చింది.

"గట్టిగా చదువమ్మా. తాతగారు వింటారు."

కూడబలుక్కుంటూ చదివాను. బడిలో పిల్లలకు చదువు చెప్పడానికి నియమించామని ఉంది. మిరపకాయల ఊసే లేదు.

"సంతకం పెట్టింది నేనే! వచ్చే ఏడు పెట్టాల్సిందీ నేనే, గుర్తుంచుకో," అని తాతయ్య అరిచాడు.

"బడికే పెట్టారండి," అని ఆమె వెనుదిరిగింది. కాయలేరుతున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "భలే చదివావే పాపా," అంది. తాతయ్య చూడగానే తల దించుకుంది.

నియమించిన మనిషంటే ఒక పనికి జవాబుదారీ. ఆ పని దాటాక ఆమె మీద ఎవరికీ హక్కు లేదు. ఇంత చిన్న సంగతి ఊరిని ఏలే మా తాతయ్యకు తెలియకపోవడం నాకు ఆనాడే ఏవగింపు కలిగించింది.

జూన్‌లో ఆమెను తీసేసి మా బంధువుల కుర్రాణ్ణి వేశారు. అతడు బడికి వచ్చిన రోజులు తక్కువ. భోజనాల దగ్గర ఆమెను తీసేసిన సంగతి చెప్పుకుని తాతయ్య నవ్వాడు. ఆ నవ్వుకన్నా నాకిప్పటికీ రోత పుట్టించేది ఇంకొకటుంది. పక్కనే కూర్చున్న నేను ఆ నవ్వు వింటూనే మారు అన్నం అడిగి వేయించుకుని తిన్నాను.