పుస్తకంలో లేని విసుగు

మా మేనత్త ప్రభువు నందు నిద్రించిందని పోయిన నెలలో బావ ఫోన్ చేశాడు. అప్పుడు నేను తిరుపతిలో, పనిచేసే కాలేజీకి వెళ్లడానికి బస్సు కోసం నిలబడి ఉన్నాను. కొండకు వెళ్లే బస్సులు గోవిందనామాలతో ఒకటొకటే కదిలిపోతున్నాయి. "అమ్మ పోయింది పాపా" అని ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని. ఆ పెద్ద మాట విన్నాక మాత్రం, ప్రార్థనలో కళ్లు మూస్తే చాలు గురక పెట్టే మనిషి గుర్తొచ్చి, ఏడవాలో నవ్వాలో తెలియక ఎక్కాల్సిన బస్సు వదిలేశాను.

అత్తది కార్వేటినగరం, నేను పెరిగిందీ అక్కడే. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి వెళ్లేది. మిగతా రోజుల్లో దొరికిన కూలి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం చర్చిలో పిల్లలకు టీచరమ్మ. సొన తగిలి పొట్టు లేచిన వేళ్లతో పేజీలు తిప్పుతూ భక్తుల జీవిత చరిత్రలు చదివి వినిపించేది.

ఆ పుస్తకాల్లోని వాళ్లు తెల్లవారకముందే లేచి మోకరించేవాళ్లు. రాళ్లతో కొట్టినా పాటలు పాడేవాళ్లు. కన్నబిడ్డ చనిపోయినా కృతజ్ఞతలు చెప్పేవాళ్లు. వింటుంటే నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టు ఉండేది. నేను వేకువనే లేవలేను. తమ్ముడు నా పెన్సిల్ ముట్టుకుంటే గిల్లకుండా ఉండలేను. మరి నేనెక్కడి విశ్వాసిని? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. అలాంటి పుస్తకం చదివి మూసిన రోజు ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటాను.

అత్తకూ అదే తిప్పలు. అందుకేనేమో, చదవడం అయ్యాక పుస్తకం ఒళ్లో పెట్టుకుని ప్రతిసారీ మమ్మల్ని ఒకటే అడిగేది.

"సరే, ఈయనకు యాడ విసుగొచ్చింటాదో చెప్పండి సూద్దాం."

మేం పోటీపడి చేతులెత్తేవాళ్లం. చెప్పు కరిచినప్పుడు అని ఒకరు, అన్నం మాడిపోయినప్పుడు అని ఒకరు. ఆమె దేన్నీ తప్పనేది కాదు. "రాసినోళ్లకు ఆయన మింద ప్రేమ ఎక్కువ. అందుకే అయ్యన్నీ ఇడిసిపెట్టినారు. దేవునికి అయ్యి గూడా తెలుసు" అనేది. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్లూ చర్చి మెట్లెక్కగలిగాను.

అలాగని తనను తాను తేలిగ్గా వదిలిపెట్టుకునే రకం కాదు అత్త. మరిది వాళ్లు ఉమ్మడి పెరట్లో గోడ లేపి ఈమె నీళ్లు పోయే దారి మూసేసినప్పుడు తోడికోడలితో పెద్ద గొడవైంది. వీధంతా విన్నది. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది, యేసు జ్ఞాపకంగా పళ్లెంలో రొట్టె ముక్కలు పంచుతారు. ఎవరి మీదైనా పగ ఉంటే సమాధానపడ్డాకే ఆ రొట్టె తీసుకోవాలంటారు. చాలామందిమి అంతా సర్దుకున్నట్టే ముఖం పెట్టి చేయి చాపుతాం. అత్త చాపలేదు. పళ్లెం తన ముందుకొస్తే పక్కవాళ్లకు అందించేసింది. తోడికోడలి వెనక వరసలోనే కూర్చుని, తను పాఠం చెప్పే పిల్లలందరూ చూస్తుండగా, నెలల తరబడి అంతే.

"టీచరమ్మవు, పిల్లోళ్ల ముందర ఇదేం బాగుంటాది?" అన్నాడు పాస్టరయ్య.

"క్షమించినానని నోటితో చెప్పేదానికి ఎంతసేపు అయ్యా? లోపల మండతా ఉండాది" అంది అత్త.

ఒక ఆదివారం ఉన్నట్టుండి చిన్న ముక్క తీసుకుంది. బయటికొచ్చాక ఏమైందత్తా అని అడిగాను.

"ఏమీ కాలేదు పాపా. పొద్దన్నే ఆమె దగ్గతా ఉంటే గోడ మిందనించి మిరియాల కషాయం ఇచ్చినా. తీసుకునింది. మంట పోలేదు గానీ తగ్గింది. తగ్గినంత మటుకు తీసుకున్నా."

జ్ఞాపకార్థ కూడికలో అత్త జీవిత చరిత్ర చదవాలి, నువ్వే రాయమన్నాడు బావ. గోడ, బల్ల, గురక, అన్నీ పెట్టి రాశాను. బావ చదివి కాగితం మడిచేశాడు.

"నలుగురిలో అమ్మ గురించి ఇట్లా చెప్తారా? పిన్నమ్మ గూడా ఆడే కూసోని ఉంటాది. ఒక్కరోజన్నా మా అమ్మను గొప్పగా చెప్పుకోనీ పాపా."

ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కూలి చేసి పెంచిన తల్లిని ఒక్క పూటైనా పుస్తకంలో మనిషిగా చూసుకోవాలనుకున్న కొడుకును కాదనలేకపోయాను. పాస్టరయ్య సాయంతో ఇంకొకటి తయారైంది. అందులో ఆమె వేకువనే లేచే ప్రార్థనాపరురాలు, కోపమంటే ఎరుగని తల్లి.

కూడికలో అదే చదివాను. చదువుతున్నంతసేపూ ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కిందికి దిగి కూర్చుంటే అయిపోయేది. కాని నాకు భయం వేసింది. ఈమెను కూడా తీసుకెళ్లి ఆ పుస్తకాల్లో వాళ్లతో కలిపేస్తే, నాలాంటిదానికి ఇక తోడెవరు? ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది చిన్నప్పుడు ఆమె దగ్గర పాఠాలు విన్నవాళ్లే. కాగితం మూసి పట్టుకున్నాను.

"సరే, అత్తకు యాడ విసుగొచ్చింటాదో చెప్పండి సూద్దాం" అన్నాను.

బావ చటుక్కున తలెత్తాడు. పాస్టరయ్య గడియారం చూసుకున్నాడు. ఇంతలో వెనక నుంచి ఒక మగగొంతు, "నేను వాక్యం అప్పజెప్పలేక నీళ్లు నమిలినప్పుడంతా" అంది. "సొన కండ్లలో పడినప్పుడు" అంది ఆమెతో ఫ్యాక్టరీకి వెళ్లిన ఒకామె. "ప్రసంగం పొడుగైనప్పుడు" అని ఇంకెవరో అంటే, అందరికంటే ముందు పాస్టరయ్యే నవ్వాడు. బావ తల దించుకుని, ఎవరికీ వినపడదనుకుని, "నేను పదో తరగతి తప్పినప్పుడు" అన్నాడు.

నవ్వులు సద్దుమణిగాక చూశాను. ముందు వరసలో, నెరిసిన తల మీద కొంగు కప్పుకుని కూర్చున్న అత్త తోడికోడలు, ఆదివారం బడి పిల్లలాగా చేయి పైకెత్తి ఉంది. ఎంతసేపట్నుంచి అలా ఎత్తి ఉంచిందో నేను గమనించలేదు. చెప్పమన్నట్టు తలూపాను.

"గోడ కాడ. నా దగ్గర" అంది, చేయి దించకుండానే.